జాయ్‌స్టిక్, పెడళ్ళు, మామ చేసిన చట్రం

ఆదోనిలో నాకొక ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, సీమంతాలు, చెవులు కుట్టే ఫంక్షన్లు, వీటి మీదే నా బతుకు. వీడియోలు ఎడిట్ చేయడానికి మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు కొన్నాను. కొన్నేళ్ళ కింద దానికి తోడుగా ఒక వీఆర్ హెడ్‌సెట్ కూడా కొన్నాను. కళ్ళకు గంతలా కట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనిపించే పరికరం అది. పెళ్ళిని నాలుగు వైపులా చూసే కెమెరాతో తీసి, తర్వాత పెళ్ళివాళ్ళకు హెడ్‌సెట్ పెట్టి చూపిస్తే మళ్ళీ పందిట్లో కూర్చున్నట్టే ఉంటుందని నా ఆలోచన. ఒక్క కుటుంబం ఒప్పుకుంది. పెళ్ళికూతురి అవ్వ హెడ్‌సెట్ పెట్టుకోగానే "నా ఎనకాల ఎవరో నిలబడుకోనుండారు" అని కేకేసింది. జడలో పూలు నలిగాయని పెళ్ళికూతురు గొణిగింది. ఆ తర్వాత ఇంకెవరూ అడగలేదు. హెడ్‌సెట్ బీరువా మీదికి ఎక్కింది.

దాన్ని కిందికి దించింది ఒక ఆషాఢమాసం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మాకు పని ఉండదు. ఆల్బమ్‌లన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేసి, ఫ్యాను కింద ఊరికే కూర్చున్నాను. పెళ్ళిళ్ళలో డ్రోన్ ఎగరేసేది కూడా నేనే. దాన్ని తలెత్తి చూసేటప్పుడల్లా, అందులో నేనే ఉంటే ఊరు ఎట్లా కనిపిస్తుందో అనుకునేవాణ్ణి. నిజం విమానం నేను ఎప్పుడూ ఎక్కలేదు. కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటర్ ఉందనీ, హెడ్‌సెట్ పెట్టుకుంటే కాక్‌పిట్‌లో కూర్చున్నట్టే ఉంటుందనీ తెలిసి, దాన్ని ఎక్కించుకున్నాను.

మొదటిసారి హెడ్‌సెట్ తగిలించుకుని చుట్టూ చూశాను. ఒంటి ఇంజను చిన్న విమానం. ఎదురుగా గుండ్రటి మీటర్లు, పక్కన ఖాళీ సీటు, తల తిప్పితే రెక్క, రెక్క నీడలో గడ్డి. అన్నీ ఉన్నాయి, నా చేతులే లేవు. కీబోర్డు బల్ల మీదే ఉంది గానీ కంటికి కనిపించదు. తడుముకుంటూ బ్రేకు వదిలాను, ఇంజను వేగం పెంచాను, ఎట్లాగో గాల్లోకి లేచాను. రెక్కల వెనక దించే పలకలు, అంటే ఫ్లాపులు, సర్దబోయి పక్క కీ నొక్కి ఇంజను ఆపేశాను. దాన్ని సరిచేయబోతే ఇంకో కీ తగిలి, కెమెరా విమానం బయటికి దూకింది. భూమీ ఆకాశం గిర్రున తిరిగాయి. కడుపులో దేవినట్టయి, హెడ్‌సెట్ లాగేసి బల్ల మీద తల పెట్టుకున్నాను.

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన నా భార్య గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిందట.

"ఏమప్పా, గుడ్డిదీపం కాడ అగ్గిపెట్టె ఎతికినట్ల బల్లంతా తడుముతాండావు?" అంది.

సంగతి చెప్పాను. ఆమె కీబోర్డు మీద వేళ్ళు రాసి చూసింది.

"నాకు కరెంటు పోయినా పోపుల డబ్బాలో ఆవాలేవో మెంతులేవో తెలుస్తాది. యాడుండేది ఆడనే ఉంటాది, చెయ్యి దానంతట అదే పోతాది. దీంట్ల అన్నీ ఒకే తీరుగుండాయి. చేతికి ఎట్ల తెలుస్తాది సెప్పు?"

మరునాడు ఆమే చింతగింజ బద్ద, చొక్కా గుండీ, సగ్గుబియ్యం గింజ తెచ్చి నేను చెప్పిన మూడు కీల మీద ఫెవికాల్‌తో అంటించింది. ఫ్లాపులకు చింతగింజ, బ్రేకుకు గుండీ, చూపు సరిచేసే కీకి సగ్గుబియ్యం. ఇంజను ఆగిపోవడం మానింది. కానీ విమానం మాత్రం కుదురుగా పోలేదు. కీ నొక్కితే పూర్తిగా తిరుగుతుంది, వదిలితే అసలు తిరగదు. చేతికి కావలసింది "రవ్వంత". ఆ రవ్వంత ఇవ్వడం కీబోర్డుకు రాదు.

డ్రోన్ రిమోట్‌లాంటి గేమ్ కంట్రోలర్ తెప్పించాను. రెండు బొటనవేళ్ళ పని నాకు అలవాటే కదా, సులువుగా ఉంటుందనుకున్నాను. అదీ కుదరలేదు. డ్రోన్‌ను వదిలేస్తే అక్కడే నిలబడుతుంది. విమానం నిలబడదు, పోతూనే ఉండాలి. బొటనవేలు గోరంత కదిలితే ముక్కు బారెడు లేస్తుంది. ఆదోని కొండల మీదుగా నేను చేసిన ఆ మొదటి ప్రయాణాలన్నీ మేకపిల్ల గంతుల్లా సాగాయి.

ఆ నెలంతా రకరకాల కంట్రోళ్ళ గురించి వీడియోలు చూశాను. కారు స్టీరింగ్‌లా పట్టుకునేదాన్ని యోక్ అంటారు. నిలువుగా ఉండే కర్ర జాయ్‌స్టిక్. ఇంజను వేగానికి పక్కన వేరే లివరు, దాని పేరు థ్రాటిల్. వీడియోల్లో వాళ్ళందరూ ఎన్ని బటన్లున్నాయో లెక్కపెట్టేవాళ్ళే. లైట్లు ఎట్లా వెలుగుతాయో చూపించేవాళ్ళే. కళ్ళకు హెడ్‌సెట్ ఉన్నవాడికి ఆ లైట్లెందుకు? చేతికి ఎట్లా తగులుతాయో ఒక్కరూ చెప్పలేదు. ఆదోనిలో ముట్టుకుని చూసి కొనే అంగడి లేదు. కర్నూలులోనూ లేదన్నారు. ఒకరోజు పొద్దున్నే బెంగళూరు రైలెక్కాను.

అక్కడ ఒక మేడ మీద, గేమింగ్ సామాన్లు అమ్మే అంగడి దొరికింది. కౌంటర్లో ఒకామె ఉంది. నేను వరసగా పెట్టిన కంట్రోళ్ళ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళు మూసుకుని, మోకాలి మీద నుంచి చెయ్యి చాచి ఒక్కొక్కటి పట్టుకోసాగాను. ఆమె కాసేపు చూసి, "సార్, ఒంట్లో బాగాలేదా?" అని కన్నడంలో అడిగింది. కర్ణాటక సరిహద్దు ఊరివాళ్ళం గనక నాకూ కన్నడం వచ్చు. హెడ్‌సెట్ సంగతి చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత ఆసక్తీ వచ్చింది.

యోక్ చేతికి హాయిగా ఉంది. ఆ చిన్న విమానంలో ఉండేదీ అదే. అయితే దాన్ని బల్లకు బిగించాలి, దాని ఇరుసు ముందుకూ వెనక్కీ జానెడు జరగాలి. నా ఎడిటింగు బల్లకు కింద సొరుగుంది, పైన తెల్లారితే పని ఉంటుంది. ఇష్టమున్నా వదులుకున్నాను. అన్నిటికంటే ఖరీదైన జాయ్‌స్టిక్‌కు ముళ్ళకంపలా బటన్లు. బొటనవేలు ఎక్కడ ఆనినా ఏదో ఒకటి నొక్కుకుంటోంది. ఇంకోదానికి స్ప్రింగు నడిమిన వదులు. కొంచెం కదిపినా ఏమీ తగలదు, ఉన్నట్టుండి బిగుస్తుంది. మూడోది చూడ్డానికి మామూలుగా ఉంది. బటన్లు తక్కువే గానీ ఒకటి గుండ్రం, ఒకటి గుంట, ఒకటి అంచు పైకి లేచి ఉన్నాయి. నడిమి నుంచి ఎటు వంచినా స్ప్రింగు ఒకే తీరుగా, మెల్లగా ఎదురొస్తోంది. అదే తీసుకున్నాను.

థ్రాటిల్ దగ్గర ఆమే సాయం చేసింది. నేను ఒకటి ఎంచుకుంటే, "ఉండండి సార్" అని తానూ కళ్ళు మూసుకుని లివరు మెల్లగా తోసింది. "మధ్యలో చిన్న గంటు తగులుతోంది చూడండి. సగంలోనే ఉండి, చివరికి వచ్చేసిందనుకుంటారు" అంది. నిజమే. నున్నగా జరిగి, వదిలినచోటే నిలబడే ఇంకోదాన్ని తీసి ఇచ్చింది. ఒక అమ్మేమనిషి నా కోసం కళ్ళు మూసుకుని వెతకడం నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

జాయ్‌స్టిక్ వచ్చాక విమానం నా మాట వినడం మొదలుపెట్టింది. మేఘం పక్కగా ఒరిగి పోతుంటే ఒళ్ళు పులకరించేది. చేతులు ఎక్కడున్నాయో మరిచిపోయేవాణ్ణి. గాల్లో అంతా బాగానే ఉండేది, నేల మీదే కష్టం. నేల మీద విమానం చేతులతో తిరగదు, కాళ్ళతో తిరుగుతుంది. రడ్డర్ పెడళ్ళని రెండుంటాయి. ఎడమది తోస్తే ముక్కు ఎడమకు, కుడిది తోస్తే కుడికి. అవి లేనివాళ్ళు జాయ్‌స్టిక్‌నే మెలితిప్పాలి. కెమెరా మోసి మోసి అరిగిన నా మణికట్టుకు అది నచ్చలేదు. లేచే ప్రతిసారీ విమానం రన్‌వే దిగి గడ్డిలోకి పోయేది.

అప్పుడు గుర్తొచ్చాడు మామ. మా అమ్మకు తమ్ముడు, ఎమ్మిగనూరులో ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు నేత నేశాడు, ఆ తర్వాత మగ్గాలు చేసే పని, బాగుచేసే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు మగ్గాలు తగ్గి మంచాలు, తలుపులు ఎక్కువ చేస్తున్నాడు. బస్సెక్కి పోయి, వాకిట్లో చిత్రిక పడుతున్న మామ ముందు కూర్చుని రెండు చేతులతో పెడళ్ళు ఎట్లా ఉంటాయో చూపించాను.

"ఒకటి తొక్కితే ఇంగోటి ఎనక్కి వస్తాది. అంతే గదా?"

"అంతే మామా."

"మగ్గం తొక్కుడు పలకలు గూడా అంతే గదప్పా. ఒకటి దిగితే ఇంగోటి లేస్తాది. ఇది ముందుకీ ఎనక్కీ, అది పైకీ కిందికీ. దీనికోసరం బస్సు ఖర్చు పెట్టుకోని వచ్చినావా? ఫోన్లో సెప్తే సరిపోయేది."

తుమ్మచెక్కతో పది రోజుల్లో చేశాడు. చెక్క కదిలినంత కంప్యూటరుకు తెలియాలంటే ఒక సెన్సార్ కావాలి. ఆదోనిలో పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే చాచా ఒకాయన, సౌండు పెంచే నాబ్ లోపలి ముక్కను తీసి, చెక్క ఇరుసుకు బిగించి, వైరు కలిపి ఇచ్చాడు. "అరె బేటా, పాటకు సౌండు పెంచేదాంతో ఇమానం తిప్పుతావా! నాకు గూడా ఒక సారి సూపియ్యాల మల్ల" అన్నాడు.

పని చేసింది, ఒక వారం. మామ పెడళ్ళను నడిమికి లాగడానికి సైకిలు ట్యూబు ముక్కలు కట్టాడు. అవి సాగిపోయాయి. కాలు తీసేసినా పెడళ్ళు నడిమికి రావు, విమానం తిరుగుతూనే ఉండేది. పైగా కిర్రుకిర్రుమని ఒకటే మూలుగు. మామతో చెప్పడానికి నోరు రాలేదు. అంత ఇష్టంగా చేసి, పైన వార్నీషు కూడా వేసి ఇచ్చాడాయన. గుట్టుగా ఆన్‌లైన్లో ఇనుప పెడళ్ళు ఆర్డరు పెట్టాను.

ఆ పెట్టె వచ్చిన రోజే మామ వచ్చాడు. నేను టేపు కోసి పెడళ్ళు బయటికి తీస్తున్నాను. స్టూడియో మెట్ల మీద చెప్పుల చప్పుడు. మామ చంకలో గోనెసంచి. రబ్బరు సాగిపోతుందని ఆయనకే తోచిందట. బిగువైన స్ప్రింగులు సంపాదించుకుని, అవి వేసిపోదామని వచ్చాడు. ఇనుప పెడళ్ళను చూశాడు, నన్ను చూశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మామా, అది... సెప్దామనే అనుకున్యా..." స్టూడియోలో కస్టమర్లతో ఎట్లా మాట్లాడినా, మామ ముందు నాకు మా ఊరి మాటే వస్తుంది.

"సెప్పల్యా గదా" అన్నాడు. సంచి కింద పెట్టాడు. చెప్పులు విడిచి, లుంగీ మడిచి, కుర్చీలో కూర్చుని ఇనుప పెడళ్ళ మీద పాదాలు పెట్టాడు. మెల్లగా తొక్కాడు. వదిలాడు. మళ్ళీ తొక్కాడు.

"సానా నున్నగా ఉండాదప్పా. బేరింగు ఏసినారు. మన తుమ్మచెక్కకు ఇంత నునుపు యాడ వస్తాది?" అన్నాడు. మాటలో ఎత్తిపొడుపు లేదు. మంచి పనిని చూసిన పనివాడి గొంతు అది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చినంత పనైంది. ఇంకోసారి గట్టిగా తొక్కాడు. చక్రాల కుర్చీ మామతో సహా వెనక్కి పోయి గోడకు తగిలింది.

మామ గోడ దగ్గర్నుంచే నవ్వాడు. "పెడలు బాగుండాది గానీ, కూసునేదే బాగలేదు. తొక్కినప్పుడు మనిషి ఎనక్కి పోతాంటే కాలికి బలం యాడిది? నేసేటోడు కదిలితే గుడ్డ వస్తాదా?"

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేసి, కొలతలు మొదలుపెట్టాడు. టేపు వాడలేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "కండ్లు మూసుకో. చేతులు యాడ పడితే ఆడ పడనీ. నువ్వు పెట్టొద్దు, వాటినే పడనీ" అన్నాడు. చేతులు జారవిడిచాను. కుడిచెయ్యి పడినచోట గోడ మీద సుద్దగీత, ఎడమచెయ్యి పడినచోట ఇంకో గీత. కాళ్ళు చాపమని, మడమ ఆనినచోట నేల మీద గీత. తర్వాత దారం తీసి గీతకూ గీతకూ మధ్య పట్టి ముడులు వేసుకున్నాడు. ఆ దారం జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

చట్రం వేపకర్రతో చేశాడు. పక్షం రోజుల తర్వాత ట్రాలీ ఆటోలో ఎమ్మిగనూరు నుంచి తీసుకొచ్చి, స్టూడియో వెనక గదిలో బిగించాడు. వెనక సీటు, ముందు ఇనుప పెడళ్ళకు గూడు, కుడి తొడ పక్కన జాయ్‌స్టిక్‌కు పలక, ఎడమ పక్కన థ్రాటిల్‌కు పలక. అన్నీ ఒకే కర్రల కూర్పు గనక ఏదీ దేన్నుంచీ జరగదు. నేను కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని, చేతులు వదిలాను. ఒకటి జాయ్‌స్టిక్ మీద, ఒకటి థ్రాటిల్ మీద పడ్డాయి. వెతకలేదు. రన్‌వే మీద విమానం గడ్డిలోకి పోకుండా తిన్నగా లేచింది. ముందు ఒక టేబుల్ ఫ్యాను కూడా పెట్టుకున్నాను. గాలి ముఖానికి కొడుతుంటే ముందువైపు ఎటో ఒంటికి తెలుస్తుంది, కడుపులో తిప్పడం తగ్గుతుంది.

"ఇప్పుడు నువ్వు కూసో మామా" అన్నాను.

"నాకేల ఇవన్నీ" అంటూనే కూర్చున్నాడు.

మొదట నేల మీదే నడపమన్నాను. రన్‌వే మధ్య తెల్లగీత మీద పోవాలి. నేను పక్కన మానిటర్లో చూస్తున్నాను. నాకు నెల పట్టిన పని అది. మామ కాళ్ళు బొత్తిగా కదలనట్టే ఉన్నాయి, కానీ గీత ముక్కు కింద నుంచి పక్కకు పోలేదు. ఎడమ రవ్వంత, కుడి రవ్వంత. వయసులో ఏళ్ళ తరబడి మగ్గం గుంటలో పలకలు తొక్కిన పాదాలవి. రన్‌వే చివరిదాకా పోయి, తిప్పుకుని వచ్చి, "ఇంగేముండాది?" అని అడిగాడు.

విమానాన్ని ఎమ్మిగనూరు పైన, గాల్లోనే ఉన్నట్టు పెట్టాను. మామ తల అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మన ఊరు గాదప్పా. ఈ ఇండ్లు ఎవరివి? ఎర్రపెంకులు ఏసినారు."

"కంప్యూటరు దానికి తోచిన ఇండ్లు పెడతాది మామా. పొలాలు, దోవలు మాత్రం నిజమైనవే."

తర్వాత కుర్చీలో ముందుకు వంగాడు. "ఉండు ఉండు. కాలువ! తుంగభద్ర ఎల్లెల్సీ కాలువ, మనదే. ఆ మలుపు కాడ నేను ఈదినాను." చెయ్యి జాయ్‌స్టిక్ మీద నుంచి తీసి వేలెత్తి చూపించాడు. విమానం ఒరిగింది. "మామా, చెయ్యి!" అని అరిచాను. మళ్ళీ పట్టుకోవడానికి ఆయన తడుముకోలేదు.

"కోసిగి ఎటు?" అన్నాడు.

పడమరకు తిప్పించాను. మామ వయసులో ఉన్నప్పుడు నేసిన తువ్వాళ్ళు, దుప్పట్లు మూటగట్టి, సైకిలు వెనక వేసుకుని కోసిగి, ఆలూరు సంతలకు పోయేవాడని మా అమ్మ చెప్పేది. ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఆ రోజు దోవ వెంబడి ఎగురుతూ చెప్పాడు. ఈ చోట సైకిలు టైరు పేలింది, ఈ పల్లెలో ఒక ముసలామె మజ్జిగ పోసింది, ఈ ఎత్తు మీద దిగి తోసుకుంటూ పోవాలి. కింద ఎత్తేమీ కనిపించడం లేదు, అంతా చదునుగా ఉంది. "పైనుంచి సూస్తే ఎత్తే లేదు సూడు. ఎక్కేటోనికే తెలుస్తాది" అని నవ్వాడు. ఒక పూటంతా పట్టే దోవ ఫ్యాను గాలిలో కొన్ని నిమిషాల్లో అయిపోయింది. హెడ్‌సెట్ తీసినప్పుడు ఆయన ముఖం చెమటతో తడిసి, తేటగా ఉంది.

అమావాస్య నాడు మగ్గాల వాళ్ళు పని చేయరు. ఇప్పుడు అమావాస్య వస్తే మామ ఆదోని బస్సెక్కుతాడు. ఒకసారి తుంగభద్ర వెంబడి మంత్రాలయం దాకా పోయాం, ఒకసారి సోలాపూరు వైపు తిప్పి నూలు తెచ్చిన దోవ చూపించాడు. చాచా కూడా ఒకసారి వచ్చి, కాసేపు ఎగిరి, మధ్యలోనే దిగిపోతానన్నాడు. ఎగరడం కంటే పెడళ్ళ అడుగున బిగింపు చూడటమే ఆయనకు ఇష్టం. తుమ్మచెక్క పెడళ్ళను మామ తిరిగి తీసుకుపోలేదు. కొత్త స్ప్రింగులు వేసి అక్కడే పెట్టాడు, ఇనుపవాటిని శుభ్రం చేసే రోజు అవి వాడుకుంటాను. ఇప్పుడవి మూలగవు.

మొన్నటి అమావాస్యకు మామ కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం రన్‌వే మీద తనంతట తాను దిగాడు. పక్కగాలి ఉంది. విమానం మూడుసార్లు ఎగిరెగిరి పడింది గానీ గీత మీదే పడింది. నేను చప్పట్లు కొట్టాను. మామ ఇంకోసారి లేవడానికి థ్రాటిల్ తోయబోతుంటే, టీ గ్లాసులతో వచ్చిన నా భార్య వాటిని బల్ల మీద పెట్టి, కొంగు నడుముకు దోపింది.

"లెయ్ మామా. పోయినసారి గూడా నువ్వే పోయినావు. ఈపొద్దు నేను ఆలూరు పోతా. మా అమ్మోళ్ళ సేను యాడుండాదో నాకు తెలుసు."

మామ హెడ్‌సెట్ తీసి ఆమె చేతికిచ్చి పక్కకు జరిగాడు. ఆమె కళ్ళద్దాలు తీసి నాకిచ్చింది, సీటులో సర్దుకుని కూర్చుంది, ఫ్యాను కొంచెం కిందికి వంచమంది. నేను వంచాను. మామ టీ తాగుతూ ఆమె పాదాలు పెడళ్ళ మీద సరిగ్గా ఆనాయో లేదో వంగి చూస్తున్నాడు.